కుంచోరో గారి కెరిస్ పాండిత్యం

కుంచోరో గారితో కెరిస్‌లు మాట్లాడతాయని యోగ్యాలోని మా కోటాగెడెలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. అవి ముందు ఆయన భార్యతో మాట్లాడతాయని, తర్వాత ఆవిడ ఆయనతో మాట్లాడుతుందని మాత్రం ఆ ఇద్దరికే తెలుసు.

ఆయన తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు ఊళ్ళవారీగా వేరుచేసిన మనిషి. ఊరి పేరు రాయని ఉత్తరం కూడా ఆయన చేతిలో పడితే ఊరు చేరకుండా ఉండేది కాదు. ఏ ఊరన్నది ఆ ఉత్తరం అదృష్టం.

రిటైరయ్యాక ఆయన్ని ఏదీ అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ఇంట్లో పిల్లి సైతం ఆకలేస్తే ఆయన భార్య ముర్తినా మొహం చూసే అరిచేది. చేతికి పని లేక, ఊసుపోక, ఆయన మా ఊరి కెరిస్ ప్రియుల సంఘంలో చేరారు.

కెరిస్ అంటే తాతల నాటి బాకు. పెళ్ళికొడుకు నడుము వెనక దోపుకుని పీటల మీద కూర్చుంటాడు. అది లేని ఇల్లు మా జావాలో అరుదు. కానీ దాన్ని చూసి ఇది ఫలానా ఊరి కమ్మరి కొట్టింది, ఈ ఒర ఫలానా ఊళ్ళో చెక్కింది అని చెప్పగలవాళ్ళు ఇంకా అరుదు.

కుంచోరో గారి పాండిత్యం అనుకోకుండా మొదలైంది. సంఘంలో పర్తో అని ఒకాయన ఉన్నాడు. ఎవరేమన్నా తలూపుతాడు కాబట్టి తలూపుడు పర్తో అంటారు. ఆయన ఒకరోజు ఒక కెరిస్ తెచ్చి, "ఇది ఎక్కడిదంటారు?" అని అడిగాడు. తెలియదు అనే మాట కుంచోరో గారి నోట పుట్టదు. "రెండ్రోజులు నా దగ్గరుంచండి. దాంతో కాస్త మాట్లాడాలి" అని ఇంటికి తెచ్చి అలమార మీద పెట్టారు.

దుమ్ము దులుపుతూ వచ్చిన ముర్తినా గుడ్డ ఆపేసింది. "ఈ మదురా వాడికి మనింట్లో ఏం పనండీ?"

"ఇది మదురా దీవిదని నీకెవరు చెప్పారు?"

"పిడి చూడండి. సందు లేకుండా పూలూ తీగలూ చెక్కాడు. ఖాళీ జాగా కనిపిస్తే మదురా వాడికి అన్నం సయించదు."

తర్వాతి సమావేశంలో కుంచోరో గారు కళ్ళు మూసుకుని, గాలి గట్టిగా పీల్చి, "ఖాళీ జాగా కనిపిస్తే మదురా వాడికి అన్నం సయించదు" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. పర్తో తలూపీ ఊపీ మెడ పట్టేసి రెండు రోజులు తైలం రాసుకున్నాడు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ముర్తినాకు ఆ విద్య ఎక్కడిదంటే, వాళ్ళ నాన్న పావిరో ఒరలు చెక్కే మనిషి. ఆ ఇంట చెక్కపొట్టులో పాకి, ఒరలకు నునుపు పెడుతూ పెరిగిన పిల్ల. కానీ సంఘంలో ఆడవాళ్ళకు సభ్యత్వం లేదు. టీ పళ్ళెం చేతిలో ఉంటే మాత్రం ప్రవేశం ఉంది.

ఇంతలో సంఘం ఒక పెద్దను ఎన్నుకోవాలనుకుంది. కెరిస్ చూసి, ఊరు తేల్చి, పత్రం మీద సంతకం పెట్టే పెద్ద. అందరూ కుంచోరో గారి పేరే చెప్పారు. సోలో పట్నం నుంచి వచ్చే సభ్యులు, రాచబిరుదున్న రాదెన్ నోతోదిర్జో గారు ఒక్కరే అడ్డు పుల్ల వేశారు. ఆయనకు ఇంటినిండా కెరిస్‌లు, ఒంటినిండా అనుమానాలు.

"ఇంటికి తీసుకెళ్ళి మాట్లాడ్డాలు నాకు నచ్చవు. నావి నాలుగు తెస్తాను. నా ఎదురుగా చెప్పమనండి. చెబితే ఆయనే పెద్ద. చెప్పకపోతే ఆయన నోట కెరిస్ అన్న మాట మళ్ళీ వినను" అని కబురు పెట్టారు.

సమావేశం నెలకొక ఇంట్లో జరుగుతుంది. ఈ నెల కుంచోరో గారింట్లో. ఆయనకు ఆ కబురు విన్న దగ్గర్నుంచి చెమటలే చెమటలు.

"ముర్తీ, నా పరువు నీ చేతిలో ఉంది."

"నా చేతిలో పిండి ఉంది. కాసేపాగండి."

ఆయన ఆగలేదు. అక్కడే బల్ల మీద కూర్చుని తన పథకం బయటపెట్టారు. సమావేశంలో ఫలహారాలు ఎలాగూ పెట్టాలి. ముర్తినా వంటింటి గుమ్మంలోంచి కెరిస్ చూసి, ఏ ఊరిదైతే ఆ ఊరి ఫలహారం పంపాలి. యోగ్యాదైతే పెసరపప్పు పూర్ణం పెట్టిన మా ఊరి బాక్పియా. సోలోదైతే కొబ్బరిపాల సెరాబి అట్లు. మదురాదైతే ఉడికించిన మొక్కజొన్న. బాలీదైతే కొబ్బరి తురుము అద్దిన అరటిపండు. సముద్రం మీద తిరిగే బుగిస్ వాళ్ళదైతే ఆకులో చుట్టిన బుగిస్ కుడుము. సుమత్రాదైతే పులుసులో ముంచిన చేపల వడ.

ముర్తినా అంతా విని చేతులు దులుపుకుంది. "నేను బయటికొచ్చి ఒక్క ముక్క చెబితే తీరిపోయేదానికి ఆరు ఊళ్ళ వంట చేయాలా?"

"నువ్వు చెబితే వాళ్ళు నమ్ముతారుటే?"

"మీరు నమ్ముతున్నారుగా, నాలుగేళ్ళ బట్టి."

"నేనంటే మొగుణ్ణి. నాకు వేరే దారేముంది?"

ముర్తినా మళ్ళీ పిండిలో చెయ్యి పెట్టింది. "సరే, పంపుతా. కానీ ఒక షరతు. ముందు కెరిస్ చూడండి, తర్వాతే పళ్ళెం చూడండి. మీ అంతట మీరు గుర్తుపట్టడానికి ప్రయత్నం చేయాలి. ఈ వారం రోజులూ నేను నేర్పుతా."

"చూస్తాను, చూస్తాను. కళ్ళున్నవి ఎందుకు?"

వారం రోజులు పాఠాలు సాగాయి. సోలో ఒర పైభాగం పడవలా విచ్చుకుంటుంది, కొన సోకుగా వంపు తిరుగుతుంది. మా యోగ్యా ఒర బిగువుగా, ముక్తసరిగా ఉంటుంది. బుగిస్ పిడి పక్షి మెడ వంచినట్టు ఉంటుంది. బాలీది అన్నిటికంటే పెద్దది, పిడి మీద రాక్షసుడో దేవుడో గుడ్లురిమి చూస్తుంటాడు, అలుగు, అంటే లోపలి కత్తి, అద్దంలా నున్నగా ఉంటుంది. సుమత్రాలో ఒక పిడి ఉంది, చేతులు ముడుచుకుని వణుకుతూ కూర్చున్న మనిషి బొమ్మ. దాన్ని అక్కడివాళ్ళు జ్వరమొచ్చిన జావా వాడు అంటారు.

"మనకే ఎందుకు రావాలి జ్వరం?" అని కుంచోరో గారు ఆ పూటంతా సుమత్రా వాళ్ళ మీద అలిగారు. పాఠం అక్కడితో ఆగింది. మిగిలిన రోజులు ఆయన ఫలహారాల పట్టికే బట్టీ పట్టారు. స్నానాల గదిలోంచి "బుగిస్ కుడుము బుగిస్, చేపల వడ సుమత్రా" అని వల్లెవేస్తుంటే మేమంతా ఈయనకు ఆకలి ముదిరిందనుకున్నాం.

ఆదివారం పొద్దున్నే పక్కింటి పొనీరా గిన్నే గరిటే పట్టుకుని దిగిపోయింది. మా వీధిలో ఒకింట్లో పదిమందికి టీ పెడుతున్నారంటే చాలు, పక్కింటి ఆడవాళ్ళు సాయానికి వచ్చి తీరతారు. పిలవకపోతే కోపం, వద్దంటే ఇంకా కోపం. ఆ సంగతి కుంచోరో గారి పథకంలో లేదు.

ఇంకో సంగతీ లేదు. సోలో మనిషి ఎవరింటికీ ఉత్తిచేతులతో రాడు. రాదెన్ గారు గుమ్మం ఎక్కుతూనే సెరాబి అట్ల పెట్టె ముర్తినా చేతిలో పెట్టారు. ఆవిడ రెండు చేతులా అందుకుని లోపలికి తీసుకుపోయింది.

చాప మీద అందరూ బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. రాదెన్ గారు పట్టుగుడ్డ విప్పి మొదటి కెరిస్ అందించారు. కుంచోరో గారు దాన్ని నుదుటికి తాకించి, పద్ధతి ప్రకారం కెరిస్ కదలకుండా ఒరనే వెనక్కి లాగారు. అంతవరకూ భేషుగ్గా ఉంది. తర్వాత కళ్ళు మూసుకున్నారు. ఒక కన్ను మాత్రం వంటింటి వైపు సన్నగా తెరిచి ఉంది.

పొనీరా బాక్పియా పళ్ళెం తెచ్చింది.

"యోగ్యా!" అన్నారు కుంచోరో గారు. పళ్ళెం ఇంకా కింద పెట్టనేలేదు.

రాదెన్ గారు కనుబొమ ఎగరేశారు. "నిజమే." పర్తో తల ఊగడం మొదలైంది.

రెండో కెరిస్ వచ్చింది. ఆకుల్లో చుట్టిన కుడుములూ వచ్చాయి. "బుగిస్! సముద్రం వాసన కొడుతోంది" అన్నారాయన. నిజానికి అది వంటింట్లోని చేపల వడల వాసన. అయినా సభ అబ్బో అంది. రాదెన్ గారు కూడా కాస్త సర్దుకు కూర్చున్నారు.

కుంచోరో గారు అప్పుడే పెద్ద అయిపోయినట్టు మీసం దువ్వుకున్నారు. పత్రం మీద సంతకం ఎడమవైపు పెట్టాలా, కుడివైపు పెట్టాలా అని ఆలోచిస్తుండగా మూడో కెరిస్ ఒళ్ళోకి వచ్చింది. ఆయన దాని మొహం చూడలేదు. వంటింటి మొహమే చూస్తున్నారు.

పొనీరా సెరాబి అట్లు తెచ్చింది.

"సోలో! ముమ్మాటికీ సోలో!"

పర్తో తల సగం ఊగి మధ్యలో ఆగింది. ఎందుకంటే కుంచోరో గారి ఒళ్ళో ఉన్నది మూరెడు పొడుగు కెరిస్. పిడి మీద బంగారు రాక్షసుడు కోరలు బయటపెట్టి, రాళ్ళు పొదిగిన గుడ్లతో ఆయన మొహంలోకే చూస్తున్నాడు. పాలు తాగే పిల్లాడు కూడా బాలీ అంటాడు.

"మా సోలోలో ఇలాంటి వాళ్ళు ఉంటారా?" అన్నారు రాదెన్ గారు నిదానంగా.

కుంచోరో గారు అప్పుడు కిందికి చూశారు. రాక్షసుడూ ఆయనా ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ఎక్కువ భయపడ్డారో చెప్పడం కష్టం.

"అంటే... అందరూ మెలకువగా ఉన్నారా లేదా అని..." అంటూ నీళ్ళు నమిలారు. "బాలీ. బాలీయే. మంచినీళ్ళు తాగొస్తాను."

వంటింట్లోకి వెళ్ళి పొనీరా మీద విరుచుకుపడ్డారు. "ఆ అట్లు ఇప్పుడెందుకు తెచ్చావు చెల్లెమ్మా? నేను చెప్పేదాకా ఒక్క పళ్ళెం కూడా బయటికి రాకూడదు!"

పొనీరాకు చర్రున కోపమొచ్చింది. "అతిథి తెచ్చిన ఫలహారం అతిథులకు పెట్టొద్దంటారా? ఇంత పిసినారితనమా అన్నయ్యా? మా ఇంట్లో అయితేనా!" అని ఆరు పళ్ళేలూ చేతుల మీదా మోచేతుల మీదా సర్దుకుని, సభలోకి నడిచి, అన్నీ ఒక్కసారే చాప మీద పరిచేసింది. ముర్తినా ఆపుదామనుకునేలోపే జరిగిపోయింది.

కుంచోరో గారు తిరిగొచ్చేసరికి నాలుగో కెరిస్ ఎదురుచూస్తోంది. దాని చుట్టూ బాక్పియా, అట్లు, మొక్కజొన్న, అరటిపళ్ళు, కుడుములు, చేపల వడలు. దేశమంతా ఒకే చాప మీద కొలువు తీరింది.

ఆయన ఆ పళ్ళేల వంక చూశారు. కెరిస్ వంక చూశారు. మళ్ళీ పళ్ళేల వంక చూశారు. ఏడుపొక్కటే తక్కువ. చివరికి నీరసంగా అన్నారు. "ఇది... ఇది చాలా ఊళ్ళు తిరిగిందండీ."

రాదెన్ గారు చటుక్కున ముందుకు వంగారు. "అరె! ఎలా కనిపెట్టారు?"

కుంచోరో గారు తెల్లమొహం వేశారు.

"నిజమేనయ్యా! ఇది అతుకుల కెరిస్. అలుగు ఒక ఊరిది, పిడి ఒక ఊరిది, ఒర ఇంకో ఊరిది. మిమ్మల్ని తికమకపెడదామనే తెచ్చాను. ఇందాక బాలీ విషయం పరాచికమే అన్నమాట! చెప్పండి, ఏది ఎక్కడిదో విడివిడిగా చెప్పండి. ఇప్పుడే పెద్దరికం కట్టబెట్టేస్తాను."

కింద పడబోయి ఉయ్యాల మీద పడ్డానని మురిసేలోపు, ఆ ఉయ్యాల కూడా తెగిపోయింది కుంచోరో గారికి. చెవులు ఎర్రబడ్డాయి. టీ కప్పు మూత తీయబోయి టీ ఒలకబోశారు. పర్తో ఆయన తరఫున కూడా చెమటలు కార్చాడు.

అప్పుడే ముర్తినా కొత్త టీ తెచ్చింది. రాదెన్ గారి ముందు వంగి కప్పు పెట్టబోతూ ఆగిపోయింది. ఆ కెరిస్ ఒర మీద చూపు నిలిచిపోయింది. లేత రంగు చెక్క మీద నల్లని మచ్చలు, కింద సగానికి రాగి తొడుగు.

"ఒక్కసారి చేత్తో ముట్టుకోవచ్చాండీ?" అని అడిగింది.

రాదెన్ గారు ఆశ్చర్యపోయినా ఒరతో సహా కెరిస్ అందించారు. ముర్తినా కొంగుతో తడి చేతులు తుడుచుకుని, నుదుటికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని బొటనవేలితో ఒర అంచు వెంబడి నిమిరింది. తర్వాత ఒర వెనక్కి లాగి, అలుగునూ పిడినీ తడిమి చూసింది.

"అలుగు మదురాదండీ" అంది. "ఇనుములో కలిపి కొట్టిన చారల నమూనా వేలికి గరుకుగా పైకి తగులుతుంది, మా వైపు కమ్మరులు అలా వదిలిపెట్టరు. పిడి యోగ్యాది, సన్నగా పిడికిట్లో ఇమిడిపోతుంది. ఒర..." ఆగింది.

"ఒర మా సోలోది" అన్నారు రాదెన్ గారు. "రాచవారింట్లోంచి వచ్చింది. వంపు చూడమ్మా, అది సోలో వంపు కాదూ?"

"వంపు సోలోదేనండీ. చెయ్యి కోటాగెడెది."

సభలో గుసగుసలు బయల్దేరాయి. రాదెన్ గారి మొహం బిగుసుకుంది. "నలభై ఏళ్ళుగా నా దగ్గరుంది. మీరెలా చెప్పగలరు?"

"ఆ రాగి తొడుగు లాగి చూడండి. ఎడమ పక్కన, కింది నుంచి నాలుగు వేళ్ళ ఎత్తున చింతగింజంత అతుకు ఉంటుంది. మా నాన్న పావిరో చెక్కిన ఒర ఇది. నునుపు పెట్టమని నాకిచ్చారు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. ఉలి జారింది. గాటు పడింది. కొడతారేమోనని ఏడ్చాను. మా నాన్న ఏమీ అనలేదు. అదే చెక్కలోంచి చిన్న ముక్క కోసి, మచ్చకు మచ్చ కలిపి, నా చేతే అతికించారు."

రాదెన్ గారు తొడుగు పట్టుకుని మెల్లగా లాగారు. అది రాలేదు. పర్తో ఒర పట్టుకున్నాడు, ఇంకొకాయన పర్తోను పట్టుకున్నాడు. మూడోసారి లాగేసరికి తొడుగు ఊడి రాదెన్ గారు చేపల వడల పళ్ళెంలో కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. అందరూ ఒర మీదికి వంగారు.

చింతగింజంత అతుకు. మచ్చకు మచ్చ కలిసిపోయి, చెబితే తప్ప కనిపించనంత ముచ్చటగా ఉంది.

రాదెన్ గారు పులుసులోంచి లేవడం కూడా మర్చిపోయారు. "నలభై ఏళ్ళు మా సోలో పనితనమని ఎంతమందికి చూపించానో" అన్నారు.

"మీ అంతవారు సోలో పని అనుకున్నారంటే మా నాన్న గెలిచినట్టేనండీ" అంది ముర్తినా. కళ్ళనిండా నీళ్ళు, మొహంనిండా నవ్వు. "ఆయన ఏ ఒర మీదా పేరు వేసుకోలేదు. ఇవాళ ఇంతమందిలో ఆ పేరు చెప్పగలిగాను. నాకదే చాలు."

"మాకు చాలదమ్మా" అన్నారు రాదెన్ గారు. ఒరను రెండు చేతులా నుదుటికి ఆనించుకున్నారు. తర్వాత సభ వైపు తిరిగారు. "నేను అడ్డం పడ్డది పెద్ద లేడని. ఆ పెద్ద ఈ ఇంట్లోనే ఉన్నారు. ఆడవాళ్ళకు సభ్యత్వం లేదని ఎవరైనా అంటే నేను ఈ పూటే సంఘంలోంచి లేచిపోతా."

ఎవరూ అనలేదు. పర్తో తల ఈసారి మనస్ఫూర్తిగా ఊగింది.

ముర్తినా కొంగు సవరించుకుంది. "చెప్పడం వరకూ చెబుతాను. పత్రాలు రాయడం నా వల్ల కాదు. మా ఆయన దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. ఆయన రాస్తారు." పెద్ద అవుదామనుకున్న కుంచోరో గారు అలా పెద్దకు గుమాస్తా అయిపోయారు. అందరూ ఆయన వైపు తిరిగితే, "రాస్తా, రాస్తా" అని మీసం చాటున గొణిగారు.

అందరూ వెళ్ళాక ఆయన వంటింట్లో బల్ల మీద చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

"ఏంటండీ, సుమత్రా పిడిలా కూర్చున్నారు?" అంది ముర్తినా గిన్నెలు కడుగుతూ.

"అంతా ఆ పొనీరా చేసింది. ఆ సెరాబి అట్లు అప్పుడు తేకపోయి ఉంటే..."

"ఆవిణ్ణి అనకండి. తీసుకెళ్ళమని ఇచ్చింది నేనే."

కుంచోరో గారు కొయ్యబారిపోయారు. "నువ్వా? బాలీ కెరిస్‌కి సోలో అట్లా? తెలిసేనా?"

"తెలిసే. షరతు గుర్తుందా? ముందు కెరిస్ చూస్తానన్నారు. అంత రాక్షసుడు గుడ్లురుముతుంటే ఒక్కసారైనా చూస్తారేమో, నా పళ్ళెం తప్పని పట్టేస్తారేమో అనుకున్నా. పట్టేస్తే మీరు నిజంగా పెద్దే అయ్యేవారు, నేను నోరు విప్పేదాన్నే కాదు. నాలుగేళ్ళ బట్టి ఎన్ని చెప్పినా మాట పట్టుకుపోయారే గానీ, ఒక్కనాడు కెరిస్ వంక చూడలేదు. నాకెంత కష్టంగా ఉండేదో తెలుసా?"

ఆయన ముడుచుకున్న చేతులు విప్పారు. "ముర్తీ" అన్నారు. "ఇందాక కళ్ళు మూసుకుని ఆ ఒర నిమిరావు చూడు. ముప్పై ఏళ్ళలో ఏ ఉత్తరాన్నీ నేను అలా చదవలేదే. పెద్దరికం పోయిందన్న బాధ ఆ నిమిషంలో మర్చేపోయాను. ఒట్టు."

ముర్తినా గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి ఒక కెరిస్ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "చెప్పండి మరి. ఎక్కడిది?"

ఆయన అలవాటుకొద్దీ పొయ్యి వైపు చూడబోయి, తమాయించుకుని, తల దించారు. పిడి తిప్పి చూశారు. ఒర వెనక్కి లాగి, అలుగు మీద బొటనవేలు పెట్టి మెల్లగా జరిపారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకున్నారు. పొయ్యి మీద నీళ్ళు మరిగి పొంగినా కదల్లేదు.

"మదురా" అన్నారు చివరికి. "నమూనా గరుగ్గా తగులుతోంది."

"తప్పు" అంది ముర్తినా, ఆయన పక్కన వచ్చి కూర్చుంటూ. "కానీ ఇవాళ చూశారు."